హర్డిల్‌కూ హర్డిల్‌కూ మధ్య

విశాఖపట్నం

చిరంజీవికి,

ఆసియా క్రీడల్లో అథ్లెటిక్స్ చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. 1951 నాటి ఢిల్లీ నుంచి 2023 నాటి చైనాలోని హాంగ్‌జౌ దాకా పతకాలన్నీ ఏరి పెట్టావు. ఓపిక మెచ్చుకోవలసిందే. చదువుతుంటే మాత్రం కిరాణా కొట్టు పద్దుల పుస్తకం తిరగేసినట్టుంది.

జ్యోతి యర్రాజీకి ఒక్క వాక్యమా? మన ఊరి అమ్మాయి కదయ్యా! 2023 అక్టోబర్ 1న, 100 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో తుపాకీ పేలకముందే చైనా అమ్మాయి వూ యాన్ని కదిలింది. అది చూసి జ్యోతీ కదిలింది. అధికారులు ఇద్దరినీ తప్పించబోతే జ్యోతి ఒప్పుకోలేదు, ట్రాక్ మీదే వాదించింది. చివరికి ఇద్దరినీ పరుగెత్తనిచ్చారు. 12.91 సెకన్లలో మూడో స్థానం. తర్వాత వూ మీద వేటు పడి కాంస్యం కాస్తా రజతమైంది. అంత గొడవపడి, మళ్లీ వంగి బ్లాకుల్లో పాదాలు పెట్టిన ఆ క్షణం ఉంది చూశావా, అక్కడ ఆగు. పేరా మొత్తం దానికే ఇచ్చినా నేను కాదనను.

ఆమెకు గాలితోనూ పేచీ ఉంది. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09 సెకన్లలో పరుగెత్తింది. అప్పటి జాతీయ రికార్డు 13.38. అయినా చెల్లలేదు. వెనక నుంచి వీచే గాలి సెకనుకు 2 మీటర్లు దాటకూడదు, ఆ రోజు 2.1 ఉంది. మరుసటి నెల సైప్రస్‌లో 13.23తో రికార్డు దక్కించుకుంది. బీచ్ రోడ్డు గాలి తిన్నవాడివి, నీకు ఇది తట్టకపోవడమేమిటి?

లేవీ పింటో 1951లో 100 మీటర్లు 10.8 సెకన్లలో గెలిచాడని రాసి, ఇప్పటి వాళ్ల పక్కన నిలబెట్టి పెదవి విరిచావు. అది చేత్తో స్టాప్‌వాచ్ నొక్కి కొలిచిన కాలం. ఆ పోలిక కొట్టెయ్.

అంకెల దగ్గర నేనూ పరువు పోగొట్టుకున్నాను. 1986 సియోల్‌లో పి.టి. ఉషకు ఐదు స్వర్ణాలని ఒకసారి రాసేశాను. నిజానికి నాలుగు. 100 మీటర్లలో ఫిలిప్పీన్స్‌కు చెందిన లిడియా డి వేగా వెనక రజతమే. ఒక పాఠకుడు పోస్టుకార్డు రాశాడు, తిట్టకుండా. తిట్టి ఉంటే బాగుండేది.

వ్యాసం తిరగరాసే ముందు ఒకసారి ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానానికి రా. మొదటి హర్డిల్ 13 మీటర్ల దూరంలో, ఆపైన 8.5 మీటర్లకొకటి చొప్పున మొత్తం పది. ఎత్తు 84 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. రెండింటి మధ్య వాళ్లు వేసేది మూడంటే మూడు అంగలు. నేల మీద గీతలు గీసి నువ్వూ ప్రయత్నించు. నాలుగో అంగ పడిందా, హర్డిల్ మీదికి ముందు లేచే కాలు మారిపోతుంది. జ్యోతి గురించి ఏ మాట వాడాలో అప్పుడు ఆలోచిద్దాం.

ఆదివారం ఆరింటికి. టేపు నేను తెస్తాను, సున్నం పొడి నువ్వు పట్టుకురా.

ఆశీస్సులతో.