పిల్ల రెడీ, కాగితాలే రెడీ కాలేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. మున్సిపాలిటీ వాళ్ల వేసవి క్యాంపులో పిల్లల్ని చేర్చడం ఎలా, ఈత కొలనుకి పేరు ఎక్కడ ఇవ్వాలి, షటిల్ కోర్టులో మాకు చోటుందా అని. ఒడిశాలో గంజాం, గజపతి, రాయగడ జిల్లాల నుంచి కొన్ని, అటు మహారాష్ట్రలో బల్లార్షా, సిరొంచ నుంచి కొన్ని. ముప్పయ్యేళ్లు బడిలో డ్రిల్లు మాస్టారిగా చేసి, ప్రతి వేసవీ పిల్లల ఫారాల కట్ట చంకలో పెట్టుకుని కౌంటర్ల ముందు నిలబడ్డవాణ్ణి కాబట్టి జవాబులు నన్ను రాయమన్నారు. ఉత్తరాలు మరీ పొడుగ్గా ఉంటే కుదించాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది గంజాం జిల్లాలో ఓ పట్నం. పాపకి తొమ్మిదేళ్లు. కాన్పుకి ఇచ్ఛాపురంలో మా అమ్మగారింటికి వెళ్లాను కాబట్టి పుట్టిన సర్టిఫికెట్ అక్కడిదే. ఈత క్లాసుకి ఫారం ఇస్తే కౌంటర్లో ఆయన "ఇది ఆంధ్రా కాగితం, ఒడిశాది తెండి" అని తిప్పి పంపేశాడు. పైగా సర్టిఫికెట్లో పాప పేరు 'వ'తో ఉంది, ఆధార్లో 'బ' పడింది. తెలిసినావిడ ఒకరు కొంత డబ్బిస్తే ఇక్కడ కొత్త సర్టిఫికెట్ పుట్టిస్తానంటోంది. చేయించుకోమంటారా? – ఓ తల్లి

జవాబు: వద్దమ్మా, ఆ పని మాత్రం చెయ్యకండి. ఒక బిడ్డకి రెండు పుట్టిన సర్టిఫికెట్లుంటే ఇవాళ ఈత కొలను గేటు తెరుచుకుంటుందేమో గానీ, రేపు పదో తరగతి ఫారం దగ్గరో పాస్‌పోర్టు దగ్గరో ఆ రెండూ ఎదురుబొదురుగా నిలబడతాయి. అబద్ధం చెప్పి నమోదు చేయించడం చట్టం ప్రకారం నేరం కూడా.

మీ దగ్గరున్న కాగితంలో ఏ తప్పూ లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది, దేశమంతటికీ అదే. బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు, అమ్మానాన్నల కాపురం ఎక్కడన్నదానితో పని లేదు. 1936లో ఒడిశా విడి రాష్ట్రమైనప్పుడు బరంపురం ఇటూ ఇచ్ఛాపురం అటూ పడ్డాయి గానీ వియ్యాలు ఆగలేదు కదా, తొలి కాన్పు పుట్టింట్లో అనే ఆనవాయితీ కూడా ఆగలేదు. అందుకే మన వీధుల్లో చాలామంది పిల్లల దగ్గర ఆంధ్రా కాగితమే కనిపిస్తుంది.

మరి ఆయన అలా ఎందుకన్నాడంటే, నాకు తోచింది చెబుతాను, రెండు సంగతులు కలిపేసి ఉంటాడు. పిల్లకి వయసెంత అన్నది ఒకటి, మీరు ఈ ఊళ్లోనే ఉంటున్నారా అన్నది ఇంకొకటి. మొదటిదానికి మీ ఇచ్ఛాపురం సర్టిఫికెట్ చాలు. రెండోదానికి మీ ఇప్పటి అడ్రసు ఉన్న ఆధార్, రేషన్ కార్డు, కరెంటు బిల్లు, అద్దె ఇల్లయితే అగ్రిమెంటు, వీటిలో ఏది అడిగితే అది. అవేవీ ఒప్పుకోకపోతే మో సేవా కేంద్రానికి వెళ్లి ఆవాసిక ప్రమాణపత్రానికి, అంటే మీరు ఇక్కడే ఉంటున్నారని ఇచ్చే కాగితానికి, దరఖాస్తు పెట్టుకోవచ్చు (ఒడియాలోనూ అది దరఖాస్తే, భాష రాదని బెంగపడక్కర్లేదు). ఈ రెండు కాగితాలూ ఒకే పిన్నుకి గుచ్చి ఇవ్వండి. విడివిడిగా ఇచ్చారంటే ఒకటి చూసి రెండోది చూడకుండానే తల అడ్డంగా ఊపేస్తారు.

ఒక చిట్కా ఉంది. ఆంధ్రా సర్టిఫికెట్ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంటుంది, కానీ తెలుగు అక్షరాలు ముందు కంటబడితే ఇక్కడి గుమస్తా చెయ్యి దానంతటదే కాగితాన్ని వెనక్కి తోసేస్తుంది. నేను జిరాక్సు కాపీ మీద ఇంగ్లీషులో ఉన్న పేరు కింద, పుట్టిన తేదీ కింద పెన్సిల్‌తో సన్నగా గీత గీసి ఇచ్చేవాణ్ణి. కన్ను తిన్నగా అక్కడికే పోతుంది, స్టాంపు పడిపోతుంది. మీ దగ్గరున్నది పాతకాలం చేతిరాత కాగితమైతే, ఈసారి అమ్మగారింటికి వెళ్లినప్పుడు వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ అడిగి కొత్త కాపీ తెచ్చుకోండి.

ఇక 'వ', 'బ' గొడవ. అది మీ ఒక్కరిదే కాదు, ఒడియా నోటికి 'వ' వస్తే 'బ' అయిపోతుంది, వైష్ణవి బైష్ణబి అవుతుంది, వాసుదేవ్ బాసుదేబ్ అవుతాడు. ఆధార్ సెంటర్లో కుర్రాడు మీరు చెప్పింది చెవితో విని కొట్టేశాడు, మీరు రసీదు చదవకుండా సంతకం పెట్టేశారు, అంతే జరిగి ఉంటుంది. ఈ వేసవికి మాత్రం రెండు కాగితాల జిరాక్సులూ పెట్టి, కింద "రెండు పేర్లూ ఒకే పాపవి" అని రాసి సంతకం చేసి చూడండి, ఈత క్లాసుకి అఫిడవిట్ల దాకా పోనక్కర్లేదు. తీరిగ్గా ఆధార్ దిద్దించండి. ఆధార్లో పేరు మార్పుకి రెండే అవకాశాలు, పుట్టిన తేదీకి ఒక్కటే, కాబట్టి ఇంటిపేరు ముందా వెనకా, పూర్తిగా రాయాలా పొడి అక్షరమా అన్నది ఇంట్లోనే తేల్చుకుని వెళ్లండి. ఐదేళ్లు నిండాక ఇవ్వాల్సిన వేలిముద్రలు ఇంకా ఇవ్వకపోతే అదీ అప్పుడే కానిచ్చెయ్యండి.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. పుట్టిన 21 రోజుల్లో నమోదుకి డబ్బులక్కర్లేదు, మనవాళ్లలో చాలామందికి బారసాల కూడా ఆ ఇరవయ్యొకటో రోజే. ఆస్పత్రి వాళ్లు పేరు లేకుండానే పంపేస్తారు, సర్టిఫికెట్లో పేరు గడి ఖాళీగా ఉండిపోతుంది, తొమ్మిదేళ్లకి ఏ ఫారమో నింపేటప్పుడు గానీ ఎవరూ చూసుకోరు. ఏడాదిలోపు అయితే ఊరికే ఎక్కిస్తారు, పదిహేనేళ్ల వరకూ ఫీజు కట్టి ఎక్కించుకోవచ్చు. మీ చిన్నవాడెవడైనా ఉంటే వాడిదీ ఓసారి తీసి చూడండి.

ఫీజు కట్టేముందు కొలను దగ్గరికెళ్లి పది నిమిషాలు నిలబడండి. లోతు తక్కువ వైపు అడుగున పరిచిన పలకలు కనిపిస్తున్నాయా, నీళ్లు పచ్చగా ఉన్నాయా, పిల్లలు నీళ్లలో ఉన్నంతసేపూ కాపలా మనిషి గట్టు మీదే ఉన్నాడా, ఫోన్లో ఉన్నాడా, ఆడపిల్లల బ్యాచ్ ఏ టైముకి, నేర్పేది ఎవరు. డాక్టర్ దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ముందే రాయించుకోండి, చెవిలో చీముంటే ఆ సంగతి దాచకండి. నైలాన్ కాస్ట్యూమ్, తలకి టోపీ కొనండి, కాటన్ గౌనుతో దింపితే అది నీళ్లు తాగి పిల్లని కిందికి లాగుతుంది. బరంపురం వాళ్లయితే ఇంకొకటి చూసుకోవాలి. రెండేళ్లకోసారి చైత్రంలో బూఢీ ఠాకురాణీ యాత్ర వస్తుంది, నెల రోజుల పాటు దేశిబెహెరా వీధి చుట్టుపక్కల సాయంత్రం అడుగు తీసి అడుగు వెయ్యలేం. ఆ ఏడు సాయంత్రం బ్యాచ్ తీసుకుంటే సగం రోజులు ఇంట్లోనే, పొద్దుటిది తీసుకోండి.

ప్రశ్న: మా వాడికి పన్నెండు నిండాయి, కబడ్డీ బాగా ఆడతాడు. క్యాంపులో పేరు రాయించేటప్పుడే రెండేళ్లు తగ్గించి రాయించమని కోచింగ్ ఇచ్చే ఒకాయన చెబుతున్నాడు, చిన్న గ్రూపులో అయితే పైకి వస్తాడట. అందరూ చేసేదే కదా? – ఓ తండ్రి, బల్లార్షా

జవాబు: అందరూ చెయ్యరు బాబూ. చేసినవాళ్లలో దొరికినవాళ్లు నోరెత్తి చెప్పుకోరు, అందుకని మీకలా అనిపిస్తోంది. పైకి పోయేకొద్దీ ఎడమ చెయ్యి, మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూస్తారు. క్రికెట్ బోర్డు పిల్లల జట్లకి టీడబ్ల్యూ3 అనే ఆ పద్ధతినే వాడుతోంది. ఎముక దగ్గర కోచింగ్ ఆయన మాట చెల్లదు. ఇంకోటి కూడా ఆలోచించండి. మహారాష్ట్రలో ప్రభుత్వ ఉద్యోగాల్లో ఆటగాళ్లకి 5 శాతం రిజర్వేషన్ ఉంది, మీవాడు ఇరవై రెండేళ్లకి అటువైపు వెళ్తే సర్టిఫికెట్లన్నీ తిరగేస్తారు. ఇవాళ తగ్గించిన రెండేళ్లు అప్పుడు బయటపడతాయి, అప్పటికి ఈ కోచింగ్ ఆయన ఏ ఊళ్లో ఉంటాడో. పన్నెండేళ్లవాణ్ణి పద్నాలుగేళ్ల లోపు వాళ్లతో ఆడనివ్వండి, ఓ ఏడాది కింద పడతాడు, పడనివ్వండి.

ప్రశ్న: ఆన్‌లైన్ ఫారం తెరిచిన గంటలోనే సీట్లు అయిపోయాయంటున్నారు. మాకేమో ఓటీపీ రాలేదు. – రాయగడ నుంచి

జవాబు: ఓటీపీ మీ ఆధార్‌కి ఇచ్చిన పాత నంబరుకి వెళ్లి ఉంటుంది, ఆ సిమ్ము మీరు పారేసి ఎన్నాళ్లయిందో. నంబరు మార్పించుకోండి, ఫోటో, సంతకం ఫోన్లో చిన్న సైజులో ముందే పెట్టుకోండి. సీటు దొరక్కపోతే మాత్రం ఊరుకోకండి. మొదటి వారం అయ్యాక గ్రౌండ్‌కి స్వయంగా వెళ్లి అడగండి, ఫీజు కట్టి రానివాళ్లు ప్రతి క్యాంపులోనూ ఉంటారు. నా పిల్లల్ని సగంమందిని ఆ ఎనిమిదో రోజునే చేర్పించాను.

ప్రశ్న: నాకు అరవయ్యారు. పిల్లలకీ కుర్రాళ్లకీ క్యాంపులు పెడుతున్నారు గానీ మా వయసువాళ్లకి ఏమీ లేదు. షటిల్ కోర్టు పొద్దున్న ఖాళీగానే ఉంటోంది, తాళం వేసి ఉంటుంది. అడిగితే 'పైనుంచి ఆర్డర్ లేదు' అంటారు. – పర్లాకిమిడి

జవాబు: మీదీ నాదీ ఒకే ఈడు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను, ఒక్కరే వెళ్లి అడిగినంతకాలం ఆ ఆర్డర్ రాదు. పార్కులు, తోటలు, ఆటస్థలాలు మున్సిపాలిటీలకి అప్పగించదగ్గ పనుల పట్టికలో ఉన్నాయి, 1992లో చేసిన 74వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పన్నెండో షెడ్యూల్లో పన్నెండో అంశం అదే, గుర్తుంచుకోవడం తేలిక. వాళ్లేదో దయ చూపిస్తున్నట్టు మాట్లాడితే ఆ సంగతి మెత్తగా గుర్తు చెయ్యండి. పొద్దున్న మీతో నడిచేవాళ్లలో పదిహేనుమంది చేత సంతకాలు పెట్టించండి. ఏ కోర్టు, ఏ రోజులు, ఐదున్నర నుంచి ఏడింటి దాకానా, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి, కరెంటు ఖర్చు మీరు పంచుకుంటారా, ఇవన్నీ రాయండి. ఊరికే 'వృద్ధులకు సౌకర్యం కల్పించగలరు' అని రాస్తే ఆ కాగితం ఫైల్లోకి పోయి పడుకుంటుంది. ఒక కాపీ మీ వార్డు కౌన్సిలర్‌కి, ఇంకో కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని మీ దగ్గర ఉంచుకోండి.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే సమాచార హక్కు కింద ఫారం-ఎ నింపి, పది రూపాయలు కట్టి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ఆ కోర్టు ఏ వేళల్లో ఎవరికి కేటాయించారు? జవాబుకి 30 రోజుల గడువు. చాలాసార్లు జవాబు కంటే ముందు తాళంచెవే వచ్చేస్తుంది. 2021లో ఒడిశా ప్రభుత్వం పట్నాల్లో ఆటలకి 89 ఇండోర్ హాళ్లు కడతామని ప్రకటించినప్పుడు, ఆపదొస్తే జనం తలదాచుకోవడానికి కూడా అని చెప్పింది. 2018లో తిత్లీ తుపాను చూసినవాళ్లు మీరు, ఆ మాట ఎందుకన్నారో మీకు చెప్పాలా. తుపానుకి తెరుచుకునే తలుపు మామూలు మంగళవారం పొద్దున్న ఎందుకు తెరుచుకోదని కూడా ఆ ఉత్తరంలో ఓ ముక్క రాయండి, నా పేరు చెప్పక్కర్లేదు.

మోకాళ్లు జాగ్రత్త. మొదటి నెల డబుల్సే ఆడండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. ఖోఖో అంటే ప్రాణం. ఉన్హాళీ శిబిరంలో (వేసవి క్యాంపులో) చేరాలని ఉంది. ఫారం అంతా మరాఠీలో ఉంది, ఇంట్లో మేం మాట్లాడేది తెలుగు. నాన్నేమో ఆడపిల్లకి ఆటలేంటి, ఎండకి నల్లబడిపోతావు అంటున్నాడు. – సిరొంచ

జవాబు: ఫారం సంగతి ముందు తల్లీ, అది తేలిక. మరాఠీలో అర్జ్ అన్నా మనం అర్జీ అన్నా ఒకటే. జన్మ దాఖలా అంటే పుట్టిన సర్టిఫికెట్, రహివాసీ దాఖలా అంటే మీరు ఆ ఊరివాళ్లేనని ఇచ్చే కాగితం, పాలక్ అన్నచోట నాన్న పేరు, సంతకం. రహివాసీ దాఖలా లేకపోతే ఆపలే సర్కార్ సేవా కేంద్రంలో పెట్టుకోవచ్చు. నింపాక మీ బళ్లో మరాఠీ టీచరమ్మకి ఒకసారి చూపించు, నువ్వు ఎలాగూ మరాఠీ చదువుతున్నావు కదా, నింపలేకపోవడానికి ఏముంది!

ఈ శిబిరం వేరు, బడి తరఫున ఆడే పోటీలు వేరు. పోటీల్లో పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిదేళ్ల లోపు అని మూడు గ్రూపులుంటాయి, నీ పేరు బడి పంపాలి, నీ అంతట నువ్వు ఇవ్వలేవు. అందుకని బడి తెరవగానే డ్రిల్లు సారు దగ్గరికెళ్లి పేరు చెప్పు, శిబిరంలో ఇచ్చిన సర్టిఫికెట్ చూపించు.

నాన్నగారి సంగతి ఉత్తరంతో తేలదు గానీ రెండు మాటలు నీ చేతిలో పెడతాను. మహారాష్ట్రలో పోటీల్లో ఓ స్థాయి దాటి ఆడిన పిల్లలకి పదిలోనూ పన్నెండులోనూ గ్రేస్ మార్కులున్నాయి, ఏ స్థాయికి ఎన్నో డ్రిల్లు సారుని అడిగి కాగితం మీద రాయించుకుని నాన్న ముందు పెట్టు, నోటితో చెబితే వినరు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్‌లో మన ఆడపిల్లలు ఫైనల్లో నేపాల్‌ని 78–40తో ఓడించారు. ఆ జట్టు కెప్టెన్ ప్రియాంకా ఇంగ్లే మీ మహారాష్ట్ర అమ్మాయే, ఆ ఫోటో కూడా చూపించు. నల్లబడటం నిజమే, పొద్దున్న ఆరింటి బ్యాచ్ అడుగు. తీసుకెళ్లి తీసుకొచ్చే పని మొదటి మూడు రోజులు నాన్నకే పెట్టు. గట్టు మీద కూర్చుని నువ్వు స్తంభం చుట్టూ తిరిగి డైవ్ కొట్టడం చూస్తే ఏమంటారో నాకు రాయి, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.