మా పలాస జీడితోటలో ఎండుటాకుల మీద గెంతుతున్న పొట్టి తోక రంగుల పిట్ట ఏది?

ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్ల పట్టీ, తోక కింద ఎరుపు అన్నారు కదా, అది పొన్నంకి పిట్టే. జానెడు కూడా ఉండదు, మహా బిడియం. పొదల కింద ఆకులు తిరగేస్తూ పురుగులు, వానపాములు ఏరుకుంటుంది. అలికిడైతే మాయం. తెల్లవారుజామున, మునిమాపున రెండు స్వరాల ఈల వేస్తుంది, దాన్నిబట్టి వెతకండి.

చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, గూడు కట్టే కాలానికి మధ్య భారతం, హిమాలయాల దిగువకు వెళ్తుంది. దారిలో మీ తోటలో దిగి ఉండొచ్చు.

నాకు ఎంతో ఇష్టమైన సంగతి ఒకటి. 1713లో అచ్చయిన మద్రాసు పక్షుల వివరాల్లో దీని తెలుగు పేరే ఉంది. 1816లో ఫ్రెంచి శాస్త్రవేత్త వియెయో ఈ ప్రజాతికి, అంటే దగ్గరి పోలికలున్న జాతుల గుంపుకి, మన ‘పిట్ట’ మాటనే శాస్త్రీయ నామంగా పెట్టాడు.

ఈ వారం మాత్రం తోటలో ఆకులు ఊడ్చి తగలబెట్టకండి.