ఫ్రస్ట్రేటెడ్ మాగ్నెట్ల మీద పీహెచ్‌డీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఎంఎస్సీ ఫిజిక్స్ మొదటి సంవత్సరం చదువుతోంది. ‘ఫ్రస్ట్రేటెడ్ మాగ్నెట్స్’ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటే వినడం లేదు. ఆ పేరు వింటేనే టెన్షన్‌గా ఉంది. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కంగారు పడకండి, ఆ ఫ్రస్ట్రేషన్ మీ అమ్మాయిది కాదు, పరమాణువులది! కొన్ని స్ఫటికాల్లో అయస్కాంత పరమాణువులు త్రిభుజాలుగా అమరి ఉంటాయి. ప్రతిదీ పక్కదానికి ఎదురు దిశలో నిలబడాలని చూస్తుంది. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి తిరిగాక మూడోది ఎటు తిరిగినా ఎవరో ఒకరితో పేచీ తప్పదు. అందుకే ఇవి ఎంత చల్లబరిచినా ఓ పట్టాన కుదురుకోవు. హెర్బర్ట్‌స్మితైట్ అనే రాగి ఖనిజంలో పరమాణువుల మధ్య అయస్కాంత బలం దాదాపు 200 కెల్విన్ (సుమారు మైనస్ 73 డిగ్రీల సెల్సియస్) స్థాయిది, అంటే మామూలుగా అయితే ఆ దరిదాపుల్లోనే అవి ఒక వరసలోకి రావాలి. అయినా 0.05 కెల్విన్ దాకా, అంటే దాదాపు పరమ శూన్య ఉష్ణోగ్రత దాకా దించినా అందులో అయస్కాంత క్రమం కనిపించలేదు. డిస్ప్రోసియం టైటనేట్ అనే స్ఫటికానిది మరో వింత. మామూలు మంచును ఎంత చల్లబరిచినా మిగిలిపోయే ఎంట్రోపీకి (అమరికలోని గందరగోళానికి కొలత) రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్ 1935లో వేసిన లెక్కే దీనికీ సరిపోతుందని 1999లో కొలిచి చూపించారు. అందుకే దీన్ని ‘స్పిన్ ఐస్’ అంటారు. పిల్ల ముచ్చట పడిందంటే నాకు ఆశ్చర్యం లేదు.

ఇక ఉద్యోగం సంగతి. ‘ఫ్రస్ట్రేటెడ్ మాగ్నెట్ నిపుణులు కావలెను’ అని పేపర్లో ప్రకటన ఎప్పటికీ రాదు. పనికొచ్చేది ఆ ఐదారేళ్లలో చేతికి అబ్బే పని. ప్రయోగాల వైపు వెళ్తే స్ఫటికాలు పెంచడం, ద్రవ హీలియంతో చల్లబరచడం, స్క్విడ్ మాగ్నెటోమీటర్ (అతి సూక్ష్మ అయస్కాంతత్వాన్ని కొలిచే యంత్రం) నడపడం, ముంబై దగ్గర ట్రాంబేలోని ధ్రువ అణు రియాక్టర్ లాంటి చోట న్యూట్రాన్లతో పరీక్షించడం నేర్చుకుంటుంది. సెమీకండక్టర్, క్రయోజెనిక్స్ (అతి శీతల సాంకేతికత), మెటీరియల్స్ రంగాల్లో ఇవి అక్కరకొస్తాయి. థియరీ అయితే రోజూ కోడింగే, కాబట్టి మీరు కోరిన సాఫ్ట్‌వేర్ దారి కూడా మూసుకుపోదు. నన్నడిగితే ప్రయోగాలకే ఓటు. అధ్యాపక ఉద్యోగమే కావాలంటే మాత్రం పీహెచ్‌డీ తర్వాత ఇంకొన్నేళ్లు పోస్ట్‌డాక్ (తాత్కాలిక పరిశోధన ఉద్యోగం) చేయాలి, అప్పటికీ గ్యారంటీ లేదు. పెళ్లి మాటలకు ముందే ఇంట్లో ఈ సంగతి మాట్లాడుకోండి.

సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. గేట్, జెస్ట్ (ఫిజిక్స్ పీహెచ్‌డీ ప్రవేశానికి ఉమ్మడి పరీక్ష) కూడా రాయించండి. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్‌కు వేరే పరీక్ష ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ మద్రాస్, బెంగళూరు ఐఐఎస్సీ, ఐసర్‌లు (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థలు) చూడొచ్చు.

ముందుగా సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయించి, ఇలాంటి ల్యాబ్‌లో రెండు నెలలు గడపనివ్వండి. అక్కడ ఏ యంత్రాలు నిజంగా పనిచేస్తున్నాయో, సీనియర్లు పీహెచ్‌డీ అయ్యాక ఎక్కడ చేరారో కనుక్కోమనండి. పీహెచ్‌డీకి జేఆర్‌ఎఫ్ లాంటి ఫెలోషిప్ ఏదీ రాకపోతే మాత్రం సొంత డబ్బుతో పీహెచ్‌డీలో చేర్పించకండి. ఇంకో ఏడాది ప్రిపేరై మళ్లీ రాయడమే మేలు.