ఆ ‘నేను’ ఎవరో తేల్చుకో బిడ్డా

బిడ్డా,

నీ కథల పుస్తకం అచ్చుకు పోతోందని మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. చాలాసేపు నిద్ర పట్టలేదు. మన ఇంట్లో పుస్తకం అట్ట మీద పేరు చూసుకోబోయే మొదటిదానివి నువ్వే. తెల్లారి చూస్తే నీ మెసేజ్: “సభలో ఇతివృత్తం, శిల్పం, దృష్టికోణం అని అడిగితే ఏం చెప్పాలె పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది” అని. కథలు రాసినదానివి, పేర్లకు భయపడతావా?

దేని గురించి రాశావో అది వస్తువు. అందులో జరిగే సంగతుల అల్లిక ఇతివృత్తం. ఏది ముందు చెప్పావు, ఏది దాచావు, ఎక్కడ ఆపావు అన్న పనితనం శిల్పం. ఇంతే.

ఎవరి కళ్ళతో చూసి కథ చెప్తున్నావో అది దృష్టికోణం. దాని దగ్గర మాత్రం ఆగు. నేను దెబ్బతిన్నది అక్కడే.

జగిత్యాల దిక్కు ఒక ఊళ్ళో టీచర్‌గా చేస్తున్న రోజులు. పక్కింటామె బీడీలు చేసేది. భర్త దుబాయి పోయి రెండేళ్ళు. అరుగు మీద కూర్చుని చాట ఒళ్ళో పెట్టుకునేది. తడిపిన తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు వేసి, చుట్టి, దారం కట్టి, మూతి మడిచేది. చేతులు ఆగేవి కావు, చూపు మాత్రం ఎటో ఉండేది. కిటికీలోంచి చూసి నేను కథ రాశాను. ‘నేను’ అని మొదలుపెట్టి, ఆమె మగణ్ణి తలుచుకుని లోలోపల కుమిలిపోతోందని రెండు పేజీలు నింపాను. పత్రికకు పంపితే తిరిగొచ్చింది. మార్జిన్‌లో ఒకే వాక్యం: “కిటికీ దగ్గరున్న మనిషికి ఆమె మనసులో మాట ఎలా తెలిసింది?”

నాకు ఒళ్ళు మండింది. ఆ పంతంలో కథను ఆమెకే చదివి వినిపించాను. పని ఆపకుండా అంతా విన్నది. “నేనెప్పుడు ఏడ్చిన టీచరమ్మా? ఆకు తక్కువొచ్చింది, వెయ్యి ఎట్ల నిండుతయని లెక్క పెట్టుకుంటున్న” అన్నది. ఇంకాసేపటికి, తలెత్తకుండానే, “ఆయన ముచ్చట తీయకుండ్రి, పిల్లలు వింటరు” అన్నది.

ఆ రెండు మాటల్లో ఉన్న కథ నా రెండు పేజీల్లో లేదు. ఆమె బాధ అనుకుని నా జాలి రాసుకున్నాను. ఏటా క్లాసులో ‘గంగలో గొల్లపల్లె’ పాఠం చెప్పినదాన్నే. మాట పైకి చెప్పే ‘నీళ్ళలో ఊరు’ వాచ్యార్థం, అది కుదరదు గనుక తీసుకునే ‘ఒడ్డున ఊరు’ లక్ష్యార్థం, చెప్పకుండానే తోచే అక్కడి చల్లదనం, పావనత్వం వ్యంగ్యార్థం. (ఇప్పుడు వ్యంగ్యమంటే ఎత్తిపొడుపే అనుకుంటున్నారు. నీ కథలో వ్యంగ్యం ఉందని ఎవరన్నా అంటే ఏ అర్థంలో అన్నారో కనుక్కో.) కావ్యానికి ఆత్మ ధ్వని, అంటే అట్లా చెప్పకుండా తోచే అర్థమే, అని తొమ్మిదో శతాబ్దంలోనే సంస్కృత అలంకారికుడు ఆనందవర్ధనుడు చెప్పాడని బోర్డు మీద రాసేదాన్ని. ఆకుల లెక్కలో ఉన్న ధ్వని మాత్రం నాకు వినపడలేదు.

మన బమ్మెర పోతనను చూడు. “కలడు కలండనెడివాడు కలడో లేడో” అన్న సందేహం మొసలి నోట చిక్కిన ఏనుగుది. పోతనకు ఆ సందేహం ఉందా? అయినా తన నమ్మకాన్ని ఏనుగు నోట కుక్కలేదు. రచయిత వేరు, మాట్లాడే పాత్ర వేరు అంటే అది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానో నీకు అర్థమయ్యే ఉంటుంది. నువ్వు పంపినవాటిలో మూడో కథలోని అమ్మ మీ అమ్మే. పేరు మార్చినంత మాత్రాన నా చెల్లెలు తనను తాను గుర్తుపట్టదా? మీ బాపు పోయిన రాత్రి ఆమె ఏమనుకుందో పేజీన్నర రాశావు. నీకు చెప్పిందా? నాకైతే ఇప్పటిదాకా చెప్పలేదు. ఆ రాత్రి పొయ్యి మీది పాలు పొంగిపోతుంటే ఆమె చూస్తూ నిలబడిందని రాశావే, అది నువ్వు కళ్ళారా చూసింది. నాకు గొంతు పట్టేసింది అక్కడే. ఆ వాక్యం ఉంచి, ఆమె తలలోకి దూరిన పేజీన్నర మళ్ళీ చూసుకో.

ప్రెస్సుకు ఇచ్చేలోపు ఒక ఆదివారం ఇంటికి పోయి ఆమెకు చదివి వినిపించు. ఏమంటుందో పూర్తిగా విను, మధ్యలో సమర్థించుకోకు. వద్దంటే ఆ ఒక్క కథ ఆపు, కోపం తెచ్చుకోకు. నా నోట్‌బుక్‌లో ఆ బీడీల కథ ఇప్పటికీ అట్లాగే ఉంది.

ప్రూఫులు కాగితం మీద తీయించి పంపు, ఫోన్‌లో నాకు ఒత్తులు ఆనవు. సభ తారీఖు ఖాయం కాగానే చెప్పు. మీ అమ్మను వెంటబెట్టుకుని వస్తాను.

మీ పెద్దమ్మ,
హనుమకొండ