కొండల్లో ఆస్బెస్టాస్ ఎలా ఏర్పడుతుంది? కనిపించిన ప్రతిచోటా గని ఎందుకు తవ్వరు?

ఆస్బెస్టాస్ అంటే పీచులా విడిపోయే ఖనిజం. అందులో తెల్లదాన్ని క్రైసోటైల్ అంటారు. దీని తల్లిరాయి ఎక్కువగా పెరిడొటైట్. ఇది భూప్రావారంలో, అంటే భూమి పైపెంకు కింది పొరలో ఉండే బరువైన ముదురు రాయి. ఖండాలు ఢీకొని పర్వతాలు లేచేటప్పుడు దీని ముక్కలు పైకొస్తాయి. పగుళ్లలోంచి నీరు దిగి, సుమారు 500 డిగ్రీల సెల్సియస్ లోపు వేడిలో, అందులోని ఆలివిన్ అనే ఖనిజాన్ని పచ్చటి సర్పెంటైన్‌గా మారుస్తుంది. పాము చర్మాన్ని గుర్తుచేసే రాయి కనుక ఆ పేరు.

సర్పెంటైన్‌లో పీచు రూపమే క్రైసోటైల్. ఆ పీచు సంగతి ఇంకా విచిత్రం. క్రైసోటైల్‌లో మెగ్నీషియం పొర సిలికా పొరకంటే కాస్త పెద్దది. రెండూ సరిగా అతకక చాపలా చుట్టుకుపోయి, అతి సన్నని గొట్టాలవుతాయి. అవి పగుళ్లలో గోడలకు అడ్డంగా పెరిగితే అడ్డపీచు, రాళ్లు జారినచోట ఆ జారిన దిశ వెంట పరుచుకుంటే జారుపీచు. సర్పెంటైన్ ఏర్పడేటప్పుడు మాగ్నటైట్ అనే అయస్కాంత గుణమున్న ఇనుప ఖనిజం కూడా పుడుతుంది కాబట్టి అయస్కాంత సర్వేలో ఆ రాయి తేలిగ్గా పట్టుబడుతుంది. పీచు ఉందో లేదో మాత్రం డ్రిల్లింగే చెప్పాలి.

చాలాచోట్ల కథ అక్కడే ఆగుతుంది. మంచి ఖనిజంలోనూ పీచు కొద్ది శాతమే. అది పొట్టిదైతే, దారిలేని కొండల్లో ఉంటే గిట్టదు. పైగా దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథీలియోమా (ఎక్కువగా ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే క్యాన్సర్) తెస్తుంది. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలోని థెట్‌ఫర్డ్ లాంటి పేరున్న గనులే మూతబడ్డాయి, ఆ దేశం 2018లో ఆస్బెస్టాస్‌పై నిషేధమే తెచ్చింది.