పచ్చళ్ల వ్యాపారానికి సర్టిఫికెట్ల ప్యాకేజీ: 18,500 పెట్టొచ్చా?

ప్రశ్న: ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు కారం చేసి అమ్ముతున్నాను. నెలకు నలభై, యాభై వేల అమ్మకం ఉంటుంది. ఊళ్లో రెండు సూపర్ మార్కెట్లకు వేస్తున్నాను, హైదరాబాద్ నుంచి కూడా పార్సిల్ పంపమని ఫోన్లు వస్తున్నాయి. ఈ మధ్య ఒక ఏజెంటు వచ్చి ఉద్యం (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్), ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత రిజిస్ట్రేషన్), ఐఎస్ఓ (నాణ్యత సర్టిఫికెట్) మూడూ కలిపి 18,500 రూపాయలకు చేయిస్తానన్నాడు. ఉద్యం ఉంటే ట్రేడ్‌మార్క్ సగం ఫీజుకే వస్తుందట. మావారు దండగ అంటున్నారు. పెట్టిన డబ్బు తిరిగొస్తుందా?
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: మీవారి మాట సగం నిజం. ఆ 18,500 ఇవ్వడం దండగే. కానీ అందులో రెండు కాగితాలు మీకు తప్పకుండా ఉండాలి, ఆ రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు ఒక ఆవకాయ సీసా ధర కూడా ఉండదు.

ముందు ఉద్యం సంగతి. 2020 జులై 1 నుంచి నడుస్తున్న ఈ రిజిస్ట్రేషన్‌కు ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు. ఆధార్, పాన్, ఫోన్‌కు వచ్చే ఓటీపీ ఉంటే ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు, రెన్యువల్ గొడవ కూడా లేదు. ప్రభుత్వ సైటు చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ అని ఉంటుంది. అచ్చం అలాగే కనిపించే ప్రైవేటు సైట్లు ఫీజు అడుగుతాయి, వాటిలో మీ ఆధార్ నంబరు కొట్టకండి. చేతకాకపోతే జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి, సాయం చేస్తారు.

దీనివల్ల ఏం వస్తుందంటారా? మీరు రాయలేదు గానీ, సూపర్ మార్కెట్లకు వేస్తున్నారంటే అరువు బాకీలు ఉండే ఉంటాయి. చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం, రాతపూర్వక ఒప్పందం లేకపోతే సరుకు తీసుకున్న 15 రోజుల్లో, ఒప్పందం ఉన్నా సరే 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. రోజూ మొహం చూసుకునే షాపు మీద ఫిర్యాదు ఎలా పెడతాం అనుకుంటారేమో, అంతదాకా పోనక్కర్లేదు. ఆదాయపన్ను చట్టంలో వచ్చిన మార్పు వల్ల 2023-24 లెక్కల నుంచి, గడువు దాటాక కట్టిన బాకీని కొన్నవాళ్లు ఏ ఏడాది డబ్బు కట్టారో ఆ ఏడాదే ఖర్చుగా చూపుకోవాలి. అంటే లెక్కల ఏడాది ముగిసే మార్చిలోపు కట్టకపోతే ఆ ఏడాది వాళ్ల పన్ను పెరుగుతుంది, కాబట్టి మార్చి దగ్గర పడుతుంటే వాళ్ల ఆడిటరే ‘పచ్చళ్లావిడకు ముందు కట్టేయండి’ అంటాడు. అందుకే ఉద్యం నంబరు మీ బిల్లు మీద కనబడేలా అచ్చు వేయించండి. దరఖాస్తులో ‘తయారీ’ అనే పెట్టండి, కొని అమ్మే వ్యాపారం కింద పెడితే ఈ రక్షణ దక్కదు. ఇంకోటి, బాకీ పడ్డాక రిజిస్టర్ చేయించుకుంటే పాత బాకీకి పనికొస్తుందన్న భరోసా లేదు, కాబట్టి ఆలస్యం చేయకండి.

ఎఫ్ఎస్ఎస్ఏఐ అయితే తినేది అమ్మేవాళ్లకు చట్ట ప్రకారం తప్పదు. మీ స్థాయికి పెద్ద లైసెన్స్ అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి 100 రూపాయల లెక్క. వచ్చిన 14 అంకెల నంబరు ప్రతి సీసా లేబుల్ మీదా, బిల్లు మీదా ఉండాలి. లేబుల్ ఎలాగూ వేయిస్తారు కదా, నికర బరువు, తయారీ తేదీ, ధర కూడా అప్పుడే సరిచూసుకోండి.

ఇక ఐఎస్ఓ. ఏజెంటు చెప్పిన డబ్బులో ఎక్కువ భాగం దీనికే అయ్యుంటుంది. ఐఎస్ఓ అనే సంస్థ ప్రమాణాలు రాస్తుందే తప్ప ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు. ఇచ్చేవి వేరే సంస్థలు, అవి గుర్తింపు ఉన్నవైతే మనుషులు వచ్చి మీ వంటిల్లు, రికార్డులు చూస్తారు, ఏటా మళ్లీ ఆడిట్ చేస్తారు. ఎవరూ గడప తొక్కకుండా ఈమెయిల్లో వచ్చే ఐఎస్ఓ కాగితాన్ని పట్టించుకునే పెద్ద కొనుగోలుదారు ఉండడు. ఎగుమతిదారో, పెద్ద మార్ట్ వాళ్లో రాసి అడిగిన రోజున చూసుకోవచ్చు. ట్రేడ్‌మార్క్ సగం ఫీజు మాట కూడా ఆశ పెట్టడమే. ఆన్‌లైన్లో మామూలు కంపెనీకి 9,000, సొంత పేరు మీద వేసుకునే వ్యక్తికి 4,500. ఉద్యం లేకపోయినా మీకు 4,500కే వస్తుంది.

అసలు లెక్క వేసుకోవాల్సింది ఏజెంటు చెప్పని జీఎస్టీ గురించి. ఆంధ్రాలో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షల దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు, మీరు దానికి చాలా దూరంలో ఉన్నారు. కానీ హైదరాబాద్ ఇప్పుడు పొరుగు రాష్ట్రం. తణుకు నుంచి అక్కడికి అమ్మితే అంతర్రాష్ట్ర అమ్మకం, దానికి అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే, చిన్న వ్యాపారులు అమ్మకంలో కొద్ది శాతం పన్నుగా కట్టే సులువైన కాంపోజిషన్ పద్ధతీ కుదరదు. రిజిస్ట్రేషన్ ఉచితమే, ఖర్చంతా తర్వాత మొదలవుతుంది. అమ్మకం లేకపోయినా రిటర్నులు వేయాలి, ఆలస్యమైతే లేట్ ఫీజు, ఆడిటర్‌కు ఏడాది పొడుగునా చెల్లింపు, పైగా ఊళ్లో అమ్మే సీసా మీద కూడా పన్ను వేయాల్సి వస్తుంది. హైదరాబాద్ పార్సిళ్ల మీద ఖర్చులు పోను నెలకు మీ చేతిలో ఎంత మిగులుతుందో రాసుకోండి, దగ్గర్లో ఉన్న ఆడిటర్ని ఏడాదికి ఎంత తీసుకుంటారో అడగండి. మిగులు స్పష్టంగా ఎక్కువుంటే రిజిస్ట్రేషన్ చేయించుకుని ధైర్యంగా పంపండి. లేదంటే ఈ ఎండాకాలానికి తణుకుతో పాటు భీమవరం, రాజమండ్రి షాపులు పట్టుకోండి.