రాత్రి పది దాటాక డీజే మీద ఫిర్యాదుకి మీటర్ అక్కర్లేదు

ఇంటి వెనక ఫంక్షన్ హాల్లో అర్ధరాత్రి దాకా డీజే, నెలల పాపకి నిద్ర లేదు, సౌండ్ కొలిచే మీటర్ లేకుండా ఫిర్యాదు చేయొచ్చా అని అడిగారు. చేయొచ్చండీ.

2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాలు దేశమంతటికీ ఒకటే. ఇళ్లున్న చోట పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. పగటి మోత మీద ఫిర్యాదు చేయాలంటే అది పరిమితిని కనీసం 10 డెసిబెల్స్ దాటాలి. రాత్రి లెక్క వేరు. పది నుంచి పొద్దున ఆరు దాకా స్పీకర్లు మోగించడమే నిషిద్ధం. మోగితే చాలు, 7వ నియమం కింద ఫిర్యాదు చేయొచ్చు.

"మాది క్లోజ్డ్ హాలు, మాకు వర్తించదు" అంటారు. మా వెనక హాలు వాళ్లూ ఇదే అన్నారు. మినహాయింపు ఉన్నమాట నిజమే, కానీ అది నాలుగు గోడల మధ్య ఉన్నవాళ్లకి వినిపించడం కోసం. షామియానా వేసిన లాన్‌కీ, తలుపులు బార్లా తీసి వీధంతా అదరగొట్టే హాలుకీ కాదు. మూసిన హాలైనా సరే, దాని హద్దు దగ్గర మోత ఆ ప్రాంత పరిమితిని 5 డెసిబెల్స్‌కి మించి దాటకూడదు. పండగలకి 12 దాకా సడలింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిదే, అదీ ఏడాదికి 15 రోజులే.

మేం మొదట 100కి ఫోన్ చేసేవాళ్లం. పెట్రోలింగ్ బండి వస్తే తగ్గించేవారు, అది మలుపు తిరగ్గానే మళ్లీ పెంచేవారు. అందుకని వీధివాళ్లం కలిసి కాగితం పెట్టాం. తేదీలు, టైములు, మేడ మీంచి తీసిన వీడియోలు, 100కి చేసిన కాల్స్, అన్నీ అందులో చేర్చాం. నియమాల ప్రకారం ఫిర్యాదు తీసుకోవాల్సింది కలెక్టరు, పోలీస్ కమిషనర్, లేదా ఆ బాధ్యత అప్పగించిన, డీఎస్పీకి తగ్గని అధికారి. అందుకే స్టేషన్‌తో ఆగకుండా, డీఎస్పీ హోదా ఉండే ఏసీపీ ఆఫీసులో ఇచ్చి, మా కాపీ మీద ముద్ర వేయించుకున్నాం. ఆ తర్వాతే హాలు వాళ్లని పిలిపించారు. ఇప్పుడు బుకింగ్ కాగితంలోనే పదికి సౌండ్ బంద్ అని రాస్తున్నారు. ముహూర్తాల రోజుల్లో ఇంకా కాస్త అటూ ఇటూ అవుతోంది, కానీ పిల్లలు నిద్రపోతున్నారు.

"శుభకార్యం దగ్గర గొడవేంటమ్మా" అనేవాళ్లు ఉంటారు, వెనక్కి తగ్గకండి. మైకు పెట్టి మోత మోగించడం ప్రాథమిక హక్కు కాదని 2005లో సుప్రీంకోర్టే తేల్చింది. పసిబిడ్డ నిద్ర చిన్న విషయమేం కాదు.

స్టేజీ దగ్గరికెళ్లి డీజే కుర్రాడితో మాత్రం వాదించకండి, డబ్బిచ్చినవాళ్లు చెప్పిందే అతను చేస్తాడు. మేనేజర్‌ని పగటిపూట, ఇద్దరు ముగ్గురు ఇరుగుపొరుగు వాళ్లతో వెళ్లి కలవండి.